టికెట్టు కొన్నంత మాత్రాన...

కిందటి దసరా సెలవుల్లో సంగతి. కింద మా అపార్టుమెంటు ఆవరణలో ఆడవాళ్ళు బతుకమ్మలు పేరుస్తున్నారు. మైకులో పాటలు హోరెత్తుతున్నాయి. నేను వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ కూర్చున్నాను. ఇంటర్ చదువుతున్న మావాడు ఫోను తెచ్చి నా కళ్ళముందు పెట్టి, "అమ్మా, ఇది చూడు, భలే ఉంది" అన్నాడు.

చూశాను. పచ్చటి మైదానం, తాళ్ళు కట్టిన దారి, పక్కన కిక్కిరిసిన జనం. టోపీ పెట్టుకున్న ఒకావిడ నడిచి వెళుతోంది. జనంలోంచి ఎవరో విసిరిన కూల్‌డ్రింకో బీరో, ఆ కప్పు వచ్చి ఆవిడ టోపీకి తగిలింది. మావాడు పకపకా నవ్వాడు.

"ఎవర్రా ఈవిడ?"

"రోరీ మెకల్రాయ్ అని పెద్ద గోల్ఫ్ ప్లేయరమ్మా. వాళ్ళావిడ."

"ఆవిడేం చేసింది?"

"ఏం చెయ్యలేదు. ఊరికే నడుస్తోంది."

"మరి ఎందుకు నవ్వుతున్నావు?"

వాడు కాస్త తడబడ్డాడు. "అంతంత డబ్బు పోసి టికెట్లు కొన్నారు కదమ్మా, గోల చెయ్యరా? ఆట అన్నాక ఇదంతా మామూలే" అనేసి అవతలికి వెళ్ళిపోయాడు.

చిక్కుడుకాయలు అయిపోయాయి, కూర కూడా అయింది గానీ వాడి మాట మాత్రం నన్ను వదల్లేదు. మనం కన్న పిల్లలు చెడ్డవాళ్ళు కారు. ఒక ఆడమనిషి మీద ఎవరో కప్పు విసిరితే అది వాళ్ళకి నవ్వులాట ఎలా అయిందన్నదే నాకు పట్టుకుంది. ఆ మధ్యాహ్నం వాడి ఫోనే తీసుకుని అసలేం జరిగిందో చదివాను.

రెండేళ్ళకోసారి అమెరికాకీ యూరప్‌కీ మధ్య మగవాళ్ళ గోల్ఫ్ పోటీ ఒకటి జరుగుతుంది. పేరు రైడర్ కప్. 2025 సెప్టెంబరు 26 నుంచి 28 దాకా అది న్యూయార్క్ దగ్గర బెత్‌పేజ్‌లో జరిగింది. ఒక రోజు టికెట్టు ధర 750 డాలర్లు, మన లెక్కలో అరవై వేల రూపాయల పైమాటే. యూరప్ వాళ్ళు మొదటి రోజు నుంచే ముందున్నారు. దాంతో అమెరికా ప్రేక్షకుల్లో కొందరికి ఉక్రోషం పట్టలేదు. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది మెకల్రాయ్. బంతి కొట్టబోయే క్షణం చూసి కేకలు వేశారు. అతని సంసారం గురించి అనకూడని మాటలన్నారు. అతనూ ఒకసారి ఓర్చుకోలేక వెనక్కి తిరిగి, నోరు ముయ్యమని ఘాటుగానే అన్నాడు. పోలీసుల్ని పెంచాల్సి వచ్చింది.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆట మొదలయ్యే చోట జనాన్ని ఉత్సాహపరచడానికి మైకిచ్చి నిలబెట్టింది ఒక హాస్యనటిని. ఆవిడే మైకులో అతని మీద బూతు నినాదం అందుకుంది. మర్నాటికి క్షమాపణ చెప్పి తప్పుకుంది. ఇలాంటివన్నీ మగవాళ్ళ మూకబుద్ధి అని మనం తేలిగ్గా తోసేస్తాం చూడండి, అలా తోసెయ్యడానికి వీల్లేకుండా పోయింది నాకు. చివరికి యూరప్ 15–13 తేడాతో గెలిచింది. నిర్వాహక సంస్థ పెద్దలు ఆ తర్వాత క్షమాపణలు చెప్పుకున్నారు.

మీరనొచ్చు, ఎక్కడి అమెరికా, ఎక్కడి గోల్ఫు, మనకెందుకమ్మా ఈ గొడవ అని. మా మదీనాగూడలో ఉండి చూస్తే మరీ అంత దూరపు సంగతిలా అనిపించదు. హైవే పక్కన హోర్డింగు ఎత్తి చూస్తే చాలు, 'గోల్ఫ్ వ్యూ' అని ఫ్లాట్ల ప్రకటన. కొనేవాళ్ళలో ఎందరు కర్ర పట్టారో తెలీదు గానీ, కిటికీలోంచి గోల్ఫ్ మైదానం కనిపిస్తే అదో హోదా. గచ్చిబౌలి అవతల బౌల్డర్ హిల్స్‌లో పెద్ద కోర్సు ఉంది. గోల్కొండ కోట పక్కన నయా ఖిలాలో ఇంకోటి. అక్కడ గోల్కొండ మాస్టర్స్ అనే పేరుతో డబ్బు బహుమతుల పోటీ జరుగుతూ వస్తోంది, దేశం నలుమూలల నుంచీ వృత్తి ఆటగాళ్ళు వస్తారు. మన హైదరాబాదు అమ్మాయి స్నేహా సింగ్ మహిళల ప్రొఫెషనల్ టూర్‌లో టైటిళ్ళు గెలిచింది. ఇన్నున్నా మన ఇళ్ళలో ఆ ఆట చూడటం ఎలాగో తెలిసినవాళ్ళు తక్కువ. నేనూ అంతే. కొవిడ్‌కి ముందు ఒకసారి నాకు తల కొట్టేసినట్టయిన రోజు తర్వాతే కాస్త తెలిసింది.

మా మరిదికి ఆఫీసు స్నేహితుల వల్ల గోల్ఫ్ పిచ్చి పట్టింది. "వదినా, ఒకసారి వచ్చి చూడండి, క్రికెట్ మర్చిపోతారు" అని ఒకటే పోరు. స్కూలుకి సెలవున్న ఒక రోజు నన్నూ, మా అత్తయ్యనీ, అప్పటికింకా చిన్నవాడైన మావాడినీ కారెక్కించుకుని నయా ఖిలాకి తీసుకెళ్ళాడు. అత్తయ్యకి ఆట మీద మనసు లేదు. లోపలున్న ఏనుగుల చెట్టు చూడాలని ఆవిడ కోరిక. హథియాన్ కా ఝాడ్ అంటారు, ఆఫ్రికా జాతి చెట్టు, నాలుగు వందల ఏళ్ళదని చెబుతారు. నిజంగానే ఏనుగుల గుంపు ఒకదాన్నొకటి ఆనుకుని నిద్రపోతున్నట్టుంటుంది ఆ మొదలు. ఔరంగజేబు దాడి తర్వాత కుతుబ్‌షాహీలు కోటని పెంచి కట్టుకున్న భాగం అది. అలాంటి చారిత్రక స్థలంలో గోల్ఫ్ ఆడటమేమిటని పాతకట్టడాల మీద ప్రేమ ఉన్నవాళ్ళు చాలాకాలంగా అభ్యంతరం చెబుతున్నారు. వాళ్ళ మాటలోనూ న్యాయం ఉంది. అది మరోసారి మాట్లాడుకుందాం.

మైదానంలోకి వెళ్ళగానే నాకు మొదట తట్టింది నిశ్శబ్దం. మదీనాగూడలో మాకు రాత్రి రెండింటికి కూడా లారీ హారన్లు తప్పవు. అలాంటిది అక్కడ పిట్టల అరుపులు వినిపించాయి. పచ్చిక మీద ఓ కుర్రాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో, బంతి పక్కన గొంతుక్కూర్చుని గుంట వైపు చూస్తున్నాడు. ఆ గుంట ఎంతనుకున్నారు? అడ్డంగా పదకొండు సెంటీమీటర్లు కూడా లేదు, మన పచ్చడి గిన్నె అంత. చుట్టూ ఓ ముప్ఫై మందిమి. అందరూ ఊపిరి బిగబట్టారు. కుర్రాడు లేచి కర్ర ఆనించాడు.

సరిగ్గా అప్పుడు నా సంచీలో సుప్రభాతం మొదలైంది.

పక్కింటావిడ, చిట్టీ డబ్బుల కోసం. ఫోను సంచీ అడుగున, దాని మీద నీళ్ళ సీసా, మావాడి స్వెట్టరు, అత్తయ్య మాత్రల డబ్బా. తీసేలోగా శ్లోకం సగమైంది. కుర్రాడు కర్ర పక్కకి తీసి రెండడుగులు వెనక్కి వేశాడు. నా వంక చూడలేదు. అదే నాకు మరీ సిగ్గనిపించింది, ఒక మాట అన్నా బాగుండేది. మళ్ళీ మొదటి నుంచీ వంగడం, చూడటం, లేవడం. ఈసారి కొట్టాడు. బంతి గుంట దాకా వచ్చి, వేలెడు దూరంలో ఆగిపోయింది.

నా ఫోను వల్లే అని అనను, ఎవరు చెప్పగలరు? కానీ బ్యాగు మోసే కుర్రాడొకడు మా పక్కగా పోతూ నెమ్మదిగా అన్నాడు: "అక్కా, జర ఫోన్ బంద్ వెట్టుండ్రి. గిది పోతే ఆయనకు కట్ పోతది. కట్ పోతే పైసల్ రావు."

కట్ అంటే ఏమిటో మా మరిది దారిలో చెప్పాడు. పోటీ నాలుగు రోజులు. రెండు రోజుల ఆట అయ్యాక స్కోర్లు చూసి, వెనకబడ్డవాళ్ళందరినీ ఇంటికి పంపేస్తారు. మిగిలినవాళ్ళే చివరి రెండు రోజులు ఆడతారు, బహుమతి డబ్బు వాళ్ళకే. ఇంటికి పోయినవాడికి రైలు ఖర్చు, హోటలు ఖర్చు, బ్యాగు మోసినవాడికిచ్చే కూలీ అన్నీ చేతి నుంచే. గోల్ఫ్ అనగానే కోటీశ్వరులే గుర్తొస్తారు మనకి. ఆడేవాళ్ళలో చాలామంది ఆ బాపతు కాదు. ఇండియన్ ఓపెన్‌ని మొదటిసారి గెలిచిన భారతీయుడు అలీ షేర్. 1991లో గెలిచాడు, మళ్ళీ 1993లోనూ గెలిచాడు. అతను ఢిల్లీలో బ్యాగులు మోసే కేడీగా మొదలైనవాడు. వేలెడు దూరంలో ఆగిన బంతి అలాంటివాడికి నెల బత్తెం.

అప్పుడు నాకు ఆ నిశ్శబ్దం అర్థమైంది. అది డాబు కోసం పాటించేది కాదు. మన ఇంట్లో పిల్ల పరీక్ష రాస్తుంటే టీవీ కట్టేస్తాం చూడండి, ఆ జాతిది. క్రికెట్‌లో బంతి ఎదురొస్తుంది, హోరు మధ్య కొట్టడానికి ఆటగాళ్ళు చిన్నప్పటి నుంచీ అలవాటు పడతారు. గోల్ఫ్‌లో బంతి కదలకుండా పడి ఉంటుంది. కదలాల్సింది మనిషి ఒక్కడే. నిశ్శబ్దంలో హఠాత్తుగా పుట్టిన ఒక్క చప్పుడు వెయ్యిమంది హోరు కంటే ఎక్కువ చెడగొడుతుంది.

అత్తయ్య నన్ను మించి అర్థం చేసుకుంది. ఆవిడది బెజవాడ. ఏటా త్యాగరాజ ఆరాధనలకి తప్పకుండా వెళ్ళిన మనిషి. ఆ రోజు మేం చూస్తున్న గుంపులో కాస్త పేరున్న ఆటగాడొకడు తన బంతి ముందుగా గుంటలో వేసేశాడు. వెంటనే ఓ పదిమంది బిలబిలా కదిలి తర్వాతి గుంట వైపు పోయారు, ఆ సందడిలోనే మిగతా ఇద్దరూ ఆడుకోవాల్సి వచ్చింది. అత్తయ్య చిరాగ్గా, "తని ఆవర్తనం రాగానే కాఫీకి లేచిపోయే రకాలు" అంది. పాట అయ్యి మృదంగం మొదలవగానే కుర్చీలు చప్పుడు చేసుకుంటూ లేచిపోతారు కదా మన కచేరీల్లో, పాపం ఆ మృదంగం వాయించేది మనిషి కాదన్నట్టు. గోల్ఫ్ మర్యాదల్లో ఇదీ ఒకటని తర్వాత తెలిసింది. గుంపులో చివరివాడు ముగించేదాకా కదలకూడదు. అత్తయ్యకి ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయింది.

మిగతావన్నీ ఇలాంటివే. ఆటగాడు కర్ర ఆనించాక నడవకూడదు, అతని కంటి ఎదురుగా నిలబడకూడదు, నీడ అతని దారిలో పడనివ్వకూడదు. పడి ఉన్న బంతిని ముట్టుకోకూడదు, పిల్లలు ముచ్చటపడినా సరే. తాడు దాటకూడదు. దూరం నుంచి 'ఫోర్' అన్న కేక వినపడితే ఎక్కడా అని తలెత్తి చూడకూడదు, రెండు చేతులూ తల మీద పెట్టుకుని వంగిపోవాలి. ఈ చివరిది మర్యాద కాదు, ప్రాణరక్షణ. బంతి బరువు నలభై ఆరు గ్రాములే గానీ, పెద్ద ఆటగాళ్ళు కొడితే గంటకు రెండు వందల యాభై కిలోమీటర్లు దాటిన వేగంతో వస్తుంది. 2018లో పారిస్ దగ్గర జరిగిన రైడర్ కప్‌లో బ్రూక్స్ కెప్కా కొట్టిన బంతి పక్కకి పోయి ప్రేక్షకుల్లో ఒక మహిళకి తగిలింది. ఆవిడ కుడి కంటి చూపు పోయింది. తమని సరిగా హెచ్చరించలేదని ఆవిడ, కేకలు వేశామని నిర్వాహకులు. ఎవరి మాట నిజమైనా ఆ చూపు తిరిగి రాదు. కాబట్టి పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళే తల్లులు మిగతావి మర్చిపోయినా తాడునీ, ఆ కేకనీ మాత్రం మర్చిపోవద్దు.

ఇంతవరకూ చదివి మర్యాదంటే ఎంత గొప్పదో అని నేను పాఠం చెబుతున్నానేమో అనుకోకండి. దానికి ఇంకో ముఖం ఉంది. అది మనకి, ఆడవాళ్ళకి, బాగా తెలిసిన ముఖం.

అమెరికాలో అగస్టా నేషనల్ అనే క్లబ్బు ఉంది. మాస్టర్స్ పోటీ జరిగేది అక్కడే. ప్రేక్షకుల క్రమశిక్షణకి ఆ చోటు పెట్టింది పేరు. లోపలికి ఫోను తేకూడదు, పరుగెత్తకూడదు, ప్రేక్షకుల్ని ప్రేక్షకులనరు, పేట్రన్లు అంటారు. ఆటగాడు తప్పు చేస్తే చప్పట్లు కొట్టడం తగదని ఆ క్లబ్బు స్థాపకుడు బాబీ జోన్స్ 1967లోనే ప్రేక్షకులకి రాసిపెట్టాడు. అంతటి మర్యాదస్తుల క్లబ్బు ఆడవాళ్ళని సభ్యులుగా చేర్చుకున్నదెప్పుడో తెలుసా? 2012లో. కాండొలీజా రైస్, దేశానికి విదేశాంగ మంత్రిగా చేసి దిగిపోయిన తర్వాత, ఆవిడనీ ఇంకొకావిడనీ చేర్చుకున్నారు. గోల్ఫ్ పుట్టినిల్లు స్కాట్లాండులోని సెయింట్ ఆండ్రూస్ క్లబ్బు 2014లో గానీ ఓటు వేసి ఒప్పుకోలేదు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? 2017లో ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. మేఘాలయకి చెందిన ఒకావిడ తను పిల్లల్ని చూసుకునే ఇంటివాళ్ళతో కలిసి, సభ్యుల ఆహ్వానం మీదే భోజనానికి వెళ్ళింది. వాళ్ళ సంప్రదాయ ఖాసీ దుస్తులు వేసుకుంది. ఆ బట్టలు పనిమనిషి బట్టల్లా ఉన్నాయంటూ ఆవిణ్ణి బల్ల దగ్గర నుంచి లేవమన్నారు. దేశమంతా గొడవైంది. ఆవిడ గట్టిగా మాట్లాడలేదు, ఫోను మోగించలేదు, ఎవరి ఆటకీ అడ్డం రాలేదు. మర్యాద తప్పింది ఎవరు?

అందుకే నేను రెంటినీ వేరు చేసి చూస్తాను. అవతలి మనిషి పని చెడకుండా, ఒళ్ళు గాయపడకుండా చూసేది మర్యాద. నువ్వెవరు, నీ చీరేమిటి, నీ చెప్పులేమిటి అని గేటు దగ్గర తూకం వేసేది మర్యాద కాదు, దాని ముసుగు వేసుకున్న అహంకారం. మొదటిది ఎవరైనా అరగంటలో నేర్చుకోవచ్చు, అత్తయ్యలాగా. రెండోది నేర్చుకోవాల్సిన అవసరం లేదు.

మావాడు మాత్రం ఇంకో వైపు నుంచి వాదించాడు, మర్నాడు టిఫిన్ దగ్గర. "నువ్వే అన్నావు కదమ్మా ఇదంతా పెద్దవాళ్ళ డాబని. మరి జనం వచ్చి అరిస్తే తప్పేంటి? అప్పుడే కదా ఆట అందరిదీ అవుతుంది!" తెలివైన మాటే, కొట్టిపారెయ్యలేను. అమెరికాలో ఫీనిక్స్ ఓపెన్ అని ఒక పోటీ ఈ ఆలోచనతోనే నడుస్తోంది. అక్కడ పదహారో గుంట చుట్టూ స్టేడియంలా కట్టి దాదాపు ఇరవై వేల మందిని కూర్చోబెడతారు, అరవమంటారు. బాగా కొడితే ఆకాశం దద్దరిల్లుతుంది. ఆటగాళ్ళలోనే చాలామందికి ఆ సందడి ఇష్టం. 2022లో ఒకడు ఒక్క దెబ్బతో గుంటలో వేస్తే బీరు డబ్బాలు వానలా కురిశాయి. సరదాగానే ఉంది చూడటానికి. కానీ 2024లో ఏమైంది? జనం అదుపు తప్పి శనివారం గేట్లు మూశారు, మద్యం అమ్మకం ఆపేశారు, ఆటగాళ్ళు ప్రేక్షకులతో వాదులాటకి దిగారు.

నా అభిప్రాయం ఇది. అరుపు చెడ్డది కాదు. సినిమా హాల్లో హీరో రాగానే ఈల వెయ్యని తెలుగువాడుంటాడా? నేనూ కాలేజీ రోజుల్లో కాగితాలు చించి ఎగరేశాను, ఇప్పుడు చెబితే మా ఆయన నమ్మరు. ఎవరికోసం అరుస్తున్నామన్నదే తేడా. మనవాడు గెలవాలని అరవడం వేరు, ఎదుటివాడు విరిగిపోవాలని అరవడం వేరు. బెత్‌పేజ్‌లో జరిగింది రెండోది. దానికి డబ్బు తక్కువై, చదువు తక్కువై వచ్చిన జనమని చెప్పుకోవడానికీ లేదు. అరవై వేలు పెట్టి టికెట్టు కొన్నవాళ్ళు వాళ్ళు. పైగా అంత డబ్బు పెట్టామన్న భావనే వాళ్ళకి ధైర్యమిచ్చిందని నాకనిపిస్తుంది. పెళ్ళిళ్ళలో చూడటం లేదూ, వడ్డించే కుర్రాడి మీద గట్టిగా అరిచేది ఎవరో! సొమ్ము చెల్లించాను గనక నీ మీద నాకు ఏదైనా హక్కే అన్న ఆ ధోరణి మైదానంలో ఒకటి, హోటల్లో ఒకటి, ఇంట్లో ఒకటి ఉండదు.

మావాడికి ఇవన్నీ చెబితే ఉపన్యాసమంటాడు. అందుకని వాడి దేవుణ్ణే తెచ్చాను. మహమ్మద్ సిరాజ్. మన హైదరాబాదీ, ఆటో నడిపిన తండ్రి కొడుకు. 2020 నవంబరులో అతను ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయారు. అతను ఇంటికి రాకుండా అక్కడే ఉండి ఆడాడు. 2021 జనవరిలో సిడ్నీ టెస్టులో బౌండరీ దగ్గర నిలబడితే ప్రేక్షకుల్లోంచి జాతి పేరిట తిట్లు. ఆట ఆగింది. ఆరుగురిని స్టాండ్స్‌లోంచి పంపించేశారు. ఆటగాళ్ళని అలా తిట్టిన మాట నిజమేనని క్రికెట్ ఆస్ట్రేలియా కూడా తేల్చింది.

"వాళ్ళూ టికెట్ కొన్నవాళ్ళేగా?" అన్నాను.

"అది వేరు" అన్నాడు మావాడు. ఇడ్లీ తునక పళ్ళెంలోనే అటూ ఇటూ తిప్పాడు. "అది రేసిజం."

"సరే. మరి మన ఐపీఎల్‌లో 2024లో ముంబై వాళ్ళే తమ సొంత మైదానంలో తమ సొంత కెప్టెన్ హార్దిక్ పాండ్యాని మ్యాచ్ మ్యాచ్‌కీ గేలి చేశారే, అదేమిటి?"

దానికి వాడు మాట్లాడలేదు. వాడి స్నేహితులు ఆ రోజుల్లో ఆ వీడియోలు పంచుకుని నవ్వుకున్న సంగతి నాకు తెలుసు. నేనూ ఒకటో రెండో చూసి నవ్వాను, ఎందుకు అబద్ధం?

ఇదంతా తలుచుకుంటే టోక్యో గుర్తొస్తుంది నాకు. 2021 ఆగస్టు 7, శనివారం తెల్లవారుజాము. ఆ ముందు రోజు దాకా గోల్ఫ్ అంటే మొహం తిప్పుకున్నవాళ్ళు కూడా ఆ రోజు పొద్దున్నే లేచి టీవీ ముందు కూర్చున్నారు. బెంగుళూరు అమ్మాయి అదితి అశోక్, ప్రపంచ ర్యాంకు 200, ఒలింపిక్ పతకానికి దగ్గర్లో ఉంది. బ్యాగు మోస్తున్నది వాళ్ళమ్మ. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఆడవాళ్ళందరూ బర్డీ అంటే ఏంటి, బోగీ అంటే ఏంటి అని అడుగుతుంటే, సుప్రభాతం పుణ్యమా అని నేను పండితురాలినయ్యాను. ఒక్క దెబ్బ తేడాతో పతకం పోయింది, నాలుగో స్థానం. ఆ పోటీ జరిగిన కసుమిగసెకి క్లబ్బు కూడా 2017 దాకా ఆడవాళ్ళకి పూర్తి సభ్యత్వం ఇవ్వలేదు. ఒలింపిక్ సంఘం ఒత్తిడి చేశాకే తలుపు తీశారు.

ఆ రోజు అక్కడ ప్రేక్షకులెవరూ లేరు. కొవిడ్ వల్ల అనుమతించలేదు. చప్పట్లు లేవు, తిట్లు లేవు, మోగే ఫోన్లు లేవు. ఆ ఖాళీ పచ్చికలో తల్లీకూతుళ్ళిద్దరూ నడిచి వెళుతుంటే నాకు ముచ్చటగానూ ఉంది, దిగులుగానూ ఉంది. అదితి కొట్టిన మంచి దెబ్బకి అక్కడ ఎవరో ఒకరు 'శభాష్' అంటే ఎంత బాగుండేది అనిపించింది. ఆ పోటీలోనే దీక్షా డాగర్ కూడా ఆడింది. పుట్టుకతో వినికిడి సమస్య ఉన్న అమ్మాయి, ఆ తర్వాత 2022లో బ్రెజిల్‌లో బధిరుల ఒలింపిక్స్‌లో బంగారు పతకం తెచ్చింది. జనం చేసే చప్పుడు ఆ అమ్మాయికి ఎంతవరకు చేరుతుందో గానీ, వాళ్ళ ముఖాలైతే కనిపిస్తాయి కదా. బెత్‌పేజ్‌లో తాడు వెనకాల వంకర్లు తిరిగిన ఆ ముఖాలు ఫోటోల్లో చూశాక నాకీ ఆలోచన వచ్చింది.

సద్దుల బతుకమ్మ నాటి రాత్రి నేను కిందనుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మావాడు మళ్ళీ ఫోను పట్టుకుని వచ్చాడు. ఈసారి నవ్వట్లేదు.

"అమ్మా, ఆవిడ పేరు ఎరికా స్టోల్. అమెరికన్. ఇదివరకు అమెరికా గోల్ఫ్ సంస్థలోనే ఉద్యోగం చేసేదిట. 2012లో రైడర్ కప్ అప్పుడు మెకల్రాయ్ ఆట టైము తప్పుగా లెక్కేసుకుని హోటల్లోనే ఉండిపోయాడు. ఇంకా రాలేదని కంగారుపడి, పోలీసు కారులో అతన్ని తీసుకురావడానికి సాయం చేసిన వాళ్ళలో ఈవిడ కూడా ఉందిట. పది నిమిషాలు ఉందనగా చేరుకున్నాడు. వచ్చి గెలిచాడు."

"అంటే ఎదుటి జట్టువాడికి సాయం చేసిందన్నమాట."

"ఆఁ. వాళ్ళ పరిచయం అప్పట్నించేట." కాస్త ఆగి, "ఆవిడేం చేసింది అని అడిగావుగా" అన్నాడు.

నేను తువాలు తీసుకుని కాళ్ళు తుడుచుకుంటున్నాను.

"ఇంకోటమ్మా. ఆ మ్యాచ్ జరిగిన క్లబ్బు షికాగో దగ్గరుంది. పేరేంటో తెలుసా? మెదీనా."